ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు

1782 జనవరి 21న పారిస్ నగరం తన రాజుకూ రాణికీ విందు చేసింది. పెళ్లయిన పదకొండేళ్లకు, 1781 అక్టోబరు 22న, పదహారో లూయీ, మారీ ఆంట్వానెట్ దంపతులకు మగబిడ్డ పుట్టాడు. సింహాసనానికి వారసుడు దొరికాడు. ఆ సంతోషంలో నగర పాలకులు తమ సభాభవనం ఓతెల్ ద వీల్‌కు రాజదంపతులను పిలిచి భోజనం పెట్టారు, బాణసంచా కాల్చారు, రెండు రోజుల తర్వాత 23న మారువేషాల నృత్యం జరిపారు. నగర వాస్తుశిల్పి మొరో-దెప్రూ అలంకారాలు తీర్చాడు. జరిగినదంతా రాగిరేకుల మీదికి ఎక్కించే పని మరో మొరోకు, చిన్న మొరోగా పేరుపడ్డ జాన్-మిషెల్ మొరోకు దక్కింది. రాణి రాక, రాజభోజనం, బాణసంచా, మారువేషాల నృత్యం అంటూ అతను నాలుగు చిత్రాలు గీసి చెక్కాడు. వాటిలో ‘రాజభోజనం’ అన్నదాన్ని మొదటిసారి చూసేవారి కన్ను కాసేపు దారి తప్పుతుంది. ఎత్తైన స్తంభాలు, పైనుంచి వేలాడే దీపగుత్తులు, నడుమ బల్ల, చుట్టూ కిక్కిరిసిన మనుషులు. విందు చిత్రమే గాని తిండి ఎక్కడుందో వెతుక్కోవాలి. కనిపించినా గోరంత గీతలు, చుక్కలు. ఏ పదార్థం వడ్డించారో ఈ రేకు చెప్పదు. ఎవరు కూర్చున్నారో, ఎవరు వారి వెనక నిలబడ్డారో, ఎవరు దూరం నుంచి మెడలు చాచి చూస్తున్నారో మాత్రం పూసగుచ్చినట్టు చెబుతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి విందు ముద్రాచిత్రాలను ఎలా చదవాలన్న ప్రశ్న నూట యాభై ఏళ్లకు పైగా నలుగుతోంది. మొదట వాటిని తలకెత్తుకున్నవారు సేకర్తలు. ఎద్మోఁ, జ్యూల్ గోంకూర్ సోదరులు పందొమ్మిదో శతాబ్దపు నడిమి దశకాల్లో ఆ కాలపు కళ మీద వరసగా వ్యాసాలు రాసి, ఫ్రెంచి విప్లవం తర్వాత మూలపడ్డ ఈ బొమ్మలకు మళ్లీ గౌరవం తెచ్చారు. వారికి ఇవి పోగొట్టుకున్న సొగసుకు ఆనవాళ్లు. తర్వాత వేషభాషల చరిత్రకారులు వచ్చి అంచుల కుట్లు, జుట్టు ముడులు లెక్కపెట్టారు. ఆహార చరిత్రకారులు పళ్లేల అమరిక చూశారు. వడ్డన క్రమాన్నే ఒక చరిత్రగా రాసిన జాన్-లూయీ ఫ్లాంద్రాఁ లాంటివారి వల్ల బల్ల మీది వరసలకు అర్థముందని తెలిసింది. ఇంకో దిక్కు నుంచి నోర్బర్ట్ ఎలియాస్ 1969లో అచ్చయిన తన ‘ఆస్థాన సమాజం’ గ్రంథంలో మర్యాదలు అలంకారం కావనీ, అధికారం పనిచేసే యంత్రమనీ చూపాడు. రాజు బొమ్మే రాజు బలంలో సగమని లూయీ మారాఁ వాదించాడు. ఒకరు సొగసు చూశారు, ఒకరు బట్ట చూశారు, ఒకరు గిన్నె చూశారు, ఒకరు అధికారం చూశారు. ఇన్ని చూపుల మధ్య ఒక మామూలు సంగతికి తగిన చోటు దొరకలేదని నా అభిప్రాయం. ఈ ముద్రాచిత్రం విందు ముగిశాక దాని గురించి రాసుకున్న సాక్ష్యం కాదు. అది విందులో భాగం, దాని ఆఖరి వడ్డన. బంతిలో చోటు దొరకనివారికి నగరమూ ఆస్థానమూ వడ్డించినది చూపు ఒక్కటే. ఆ చూపును వేల మందికి చేర్చే సాధనం రాగిరేకు. అందుకే దీన్ని కూర్చున్నవారి వైపు నుంచి కన్నా నిలబడ్డవారి వైపు నుంచి చదివితేనే లోపలి సంగతి బయటపడుతుంది.

ఇది ఊహ కాదనడానికి మొదటి ఆధారం ఆస్థాన భోజనమే. వెర్సాయ్‌లో రాజు బహిరంగంగా తినే భోజనాన్ని ‘గ్రాఁ కువేర్’ అనేవారు. మర్యాదగా బట్టలు కట్టుకుని వచ్చినవారు లోపలికి వెళ్లి, రాజకుటుంబం తింటుంటే నిలబడి చూడవచ్చు. కూర్చునే హక్కు మాత్రం బహు కొద్దిమందిది. టాబురే అనే వీపులేని చిన్న పీట మీద రాజు ఎదుట కూర్చోవడం డచెస్‌ల స్థాయి స్త్రీలకు దక్కే గొప్ప. ఆ పీట కోసం వంశాలు ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాయి. ‘పెద్దపీట వేయడం’ అని మనం అలంకారంగా అనే మాట అక్కడ అక్షరాలా నిజం. 1764 కొత్త సంవత్సరం నాటి రాత్రి మోజార్ట్ కుటుంబం అలాంటి భోజనానికే వెళ్లింది. దారి చేసుకుని తమను బల్ల దాకా చేర్చడానికి స్విస్ కాపలా భటులు కావలసి వచ్చిందని తండ్రి లియోపోల్డ్ ఉత్తరంలో రాశాడు. ఎనిమిదేళ్లు నిండని వోల్ఫ్‌గాంగ్ రాణి మారీ లెశ్చిన్‌స్కా పక్కన నిలబడ్డాడు. ఆమె వాడితో జర్మన్‌లో మాట్లాడుతూ బల్ల మీది పదార్థాలు తీసి వాడి చేతికిచ్చింది. లియోపోల్డ్ ఆ పదార్థాల రుచి గురించి రాయలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, తన కొడుకు రాణికి ఎంత దగ్గరగా ఉన్నాడో రాశాడు. చిత్రకారుడు ఏం గీస్తాడో ఆ తండ్రి కూడా అదే రాశాడు. భోజనశాలలో నిలబడడం అక్కడ అవమానం కాదు. నిలబడడానికి దొరికిన చోటు, బల్లకు అది ఎన్ని అడుగుల దూరం అన్నదే మనిషి విలువ.

పట్టాభిషేకపు విందు దీనికి ఇంకా గట్టి ఉదాహరణ. పదిహేనో లూయీకి 1722 అక్టోబరు 25న రాంస్ నగరంలో పట్టం కట్టారు. అప్పటికి అతనికి 12 ఏళ్లు. ఆ వేడుక మీద పియేర్ ద్యులాఁ గీసిన బొమ్మలతో ఒక భారీ సంపుటం తయారైంది. రాజభోజనానికి అందులో ఒక పూర్తి పలక కేటాయించారు. ఎత్తైన వేదిక మీద రాజు బల్ల, కిందుగా పీర్లు అనే రాజ్యపు అగ్రశ్రేణి పెద్దల్లో ఒకవైపు మతాచార్యులు, మరోవైపు ప్రభువులు, వేరు వేరు బల్లలు. అంతా ఒక గదిలోనే ఉన్నా ఎవరూ ఎవరితోనూ కలిసి తినడం లేదు. బంతి అన్న మాటకు మనం ఇచ్చే అర్థం, పక్కపక్కన విస్తళ్లు వేసుకుని ఒకే వడ్డన అందుకోవడం, ఆ గదిలో లేదు. సంపుటం చేతికి వచ్చేసరికి దాదాపు పదేళ్లు గడిచాయి. పిల్లవాడైన రాజు పెళ్లి చేసుకుని పిల్లల తండ్రి అయ్యాడు. జరిగిన సంగతి జనానికి చెప్పడమే ఉద్దేశమైతే పదేళ్ల ఆలస్యం అర్థం లేనిది. క్రమాన్ని నిలబెట్టడం ఉద్దేశమైతే తొందరేమీ లేదు. ఎవరి బల్ల ఎక్కడుండాలో తర్వాతి పట్టాభిషేకంలో తగవు వస్తే తెరిచి చూపడానికి ఆ పలక ఉంటుంది.

ఈ బొమ్మలు ఎవరి ఇంట పుట్టాయో కూడా చూడాలి. రాజు వేడుకలు, నాటకాలు, అంత్యక్రియల దాకా ఏర్పాటు చేసే శాఖ పేరు మెన్యూ-ప్లెజీర్. అలంకారపు తెరలు, వేషాలు, దీపాలు, బండ్లు తయారు చేయించే ఆ శాఖే చిత్రకారుణ్ణీ నియమించేది. షార్ల్-నికొలా కొషాన్ ఆ పదవిలో ఉన్నాడు, 1770లో అది మొరోకు వచ్చింది. వేడుకను నిర్మించినవారూ వేడుకను గీసినవారూ ఒకే గొడుగు కింద పనిచేశారన్నమాట. నగరం సంగతీ అంతే. 1739 ఆగస్టు చివర రాజు పెద్ద కూతురు స్పెయిన్ రాకుమారుణ్ణి పెళ్లాడినప్పుడు పారిస్ చేసిన ఉత్సవాల మీద మరుసటి ఏడాదే పెద్ద గ్రంథం అచ్చయింది. పాదెలూ లాంటి పేరున్న బైండరు చేత తోలు అట్టలు కట్టించి, వాటి మీద నగర చిహ్నం బంగారంతో అద్దించి కానుకలుగా పంచారు. కానుక పుస్తకం ఇచ్చేవాడి చేయి ఎంత పెద్దదో చెబుతుంది. దాన్ని తీర్పరి ముందు చెప్పే సాక్ష్యంలా చదవకూడదు. రేకు తయారీలోనూ ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. మైనపు పూత గీకి ఆమ్లంతో రేకును కొరికించి, ఆ తర్వాత బ్యూరిన్ అనే సన్నటి ఉలితో నీడలు దించి, నమూనా ప్రతులు తీసి చూసుకుని సవరించి, నెలల తరబడి చేసే పని అది. పైగా రేకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడుతుంది. చెక్కేవాడు ముందే అద్దంలో చూసి తిప్పి గీయకపోతే ఖడ్గాలు కుడి తుంటికి చేరతాయి, అతిథులందరూ ఎడమచేత్తో తింటారు. రాజుకు కుడివైపు కూర్చోవడం గౌరవమైన లోకంలో ఆ తిరగబాటు చిన్న పొరపాటు కాదు. ఆ మర్యాద ఎరిగినవాడే ఇలాంటి రేకు చెక్కగలడు.

కొషాన్ గీసిన 1745 నాటి మారువేషాల నృత్యం ఈ జాతి బొమ్మలన్నిటిలోకీ లోతైనదని నేను అనుకుంటాను. రాజు కొడుకు స్పెయిన్ రాకుమారి మరియా తెరేసాను పెళ్లాడిన సందర్భమది. వారం రోజుల ఉత్సవాల్లో వోల్టేర్ మాటలకు రామో సంగీతం కూర్చిన నాటకం ఒకటి, ఫిబ్రవరి 25 రాత్రి వెర్సాయ్ అద్దాల మండపంలో ఈ నృత్యం ఒకటి. కొత్త దంపతులు తోటమాలిగా, పూలమ్మిగా వచ్చారు. రాజు, మరో ఏడుగురు, వెర్సాయ్ తోటల్లో కత్తిరించి నిలబెట్టే ఈఫ్ చెట్ల వేషం వేసుకుని వచ్చారు. ఎనిమిది చెట్లూ ఒక్కలాగే ఉన్నాయి. వాటిలో రాజెవరో తెలియక ఆస్థానమంతా తికమకపడింది. తర్వాతి రోజుల్లో రాజు ప్రియురాలై పోంపదూర్‌గా పేరుపొందిన యువతి రాజు కంట్లో పడింది ఆ రాత్రే అన్న కథ అప్పటి నుంచీ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా బొమ్మలో కొషాన్ చేసిన పని గొప్పది. దీపాల వెలుగులో ఆకుపచ్చని గుట్టల్లా కదిలే ఆ ఆకారాలను అతను గుర్తుపట్టనీయడు. రాజు ఇతనేనని వేలెత్తి చూపడు. నృత్యానికి వెళ్లినవారు ఆ రాత్రి ఏం చేశారో, బొమ్మ కొన్నవారు కూడా తమ ఇంట్లో అదే చేస్తారు, చెట్లలో రాజును వెతుకుతారు. ముద్రాచిత్రం విందును కొనసాగిస్తుందని నేను అన్నది ఈ అర్థంలోనే. చూసేవాడు బొమ్మ బయట నిలబడ్డ సాక్షిగా మిగలడు, ఆ గుంపులో చివరి వరస మనిషి అవుతాడు. ఆ పెళ్లికూతురు మరుసటి ఏడాది జులై 22న, బిడ్డను కన్న మూడు రోజులకు చనిపోయింది. ఆ పెళ్లి ఏడాదిన్నర కూడా నిలవలేదు. దాని విందు మాత్రం రేకు అరిగేదాకా నడిచింది.

దీనికి పెద్ద అభ్యంతరం మొరో చేతి నుంచే వస్తుంది. అతను గీయగా ఇసిడోర్-స్తానిస్లాస్ ఎల్మాన్ 1781లో చెక్కిన ‘లె సుపే ఫాన్’, అంటే నాజూకైన రాత్రి భోజనం, ఈ వాదాన్ని తలకిందులు చేసేలా కనిపిస్తుంది. చిన్న గుండ్రటి బల్ల, ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు. నిలబడి చూసే గుంపు లేదు, కనీసం వడ్డించే నౌకరు లేడు. సీసాలు, పళ్లేలు పెట్టుకునే చిన్న బల్లలు చేతికందే దూరంలో ఉన్నాయి. ఎవరికి కావలసింది వారే తీసుకుంటారు. ఉన్నవారు ఉన్నట్టు, చూపరుల కోసం కాకుండా తమ కోసం తింటున్న ఇలాంటి బొమ్మలు ఉన్నప్పుడు, విందు చిత్రమంతా నిలబడ్డవారి గురించే అనడం అతిశయోక్తి కాదా? న్యాయమైన ప్రశ్నే. ఆ కాలంలో ఇలాంటి ఏకాంత భోజనాల మీద నిజంగానే మోజు ఉండేది. పదిహేనో లూయీ బహిరంగ భోజనంతో విసిగి, వెర్సాయ్‌లోని చిన్న గదుల్లో వేట నుంచి వచ్చిన కొద్దిమందితో కలిసి తినేవాడు. ఆ గదుల కోసమే 1735లో ద త్రోయ్ ఆల్చిప్పల విందునూ, లాంక్రే హామ్ విందునూ రంగుల్లో వేశారు. షువాజీ కోటలో గేరాఁ అనే యంత్రనిపుణుడు తయారు చేసిన ఎగిరే బల్ల ఉండేది. అది కింది అంతస్తులో సిద్ధమై, నేలను చీల్చుకుని అతిథుల మధ్యకు లేచేది. నౌకరు గదిలోకి రానక్కర్లేదు.

ఆ బల్లే అభ్యంతరానికి జవాబు కూడా చెబుతుంది. నౌకరు గదిలో లేడు, నేల కింద ఉన్నాడు. వండినవాళ్లు, పేర్చినవాళ్లు, చక్రాలు తిప్పినవాళ్లు మామూలు వడ్డనకు కావలసినంత మందే ఉన్నారు, కొంచెం ఎక్కువే ఉండి ఉంటారు. మనుషులు తగ్గలేదు, కనబడడం తగ్గింది. విననివ్వకూడని మాటలు మాట్లాడుకునే స్వేచ్ఛ ఒక కొత్త భోగం. మొరో బొమ్మలో ఆ భోగమే ప్రధాన వ్యంజనం. అయితే అంత రహస్యమైన భోజనాన్ని గీసి, చెక్కి, అచ్చు వేసి అమ్మితే అది రహస్యం ఎలా అవుతుంది? నాలుగు గోడల మధ్య ఎవరినీ రానివ్వని గదిలోకి కొనుగోలుదారు ఒక్కడికే తలుపు తెరుచుకుంటుంది. చూపరులు ఇక్కడ మాయమవలేదు, బొమ్మలోంచి బయటికి జరిగారు. ఆ బొమ్మ ఉన్న సంపుటం చరిత్ర కూడా దీన్నే బలపరుస్తుంది. ఎబేర్ అనే బ్యాంకరు పూనికతో ఫ్రాన్స్ ఫ్యాషన్ల, వేషాల చరిత్రకు పనికివచ్చేలా పన్నెండేసి బొమ్మల చొప్పున మూడు విడతలు వచ్చాయి. మొదటి విడత స్విస్ చిత్రకారుడు ఫ్రాయిడెన్‌బెర్గర్‌ది, తర్వాతి రెండూ మొరోవి. ‘లె సుపే ఫాన్’ 1783లో వెలువడిన మూడో విడతలోది. పెద్ద ప్రభువు దినచర్య ఎలా ఉంటుందో, ఒపెరా బాక్సులో ఎలా కూర్చోవాలో, రాత్రి భోజనానికి ఎలా వెళ్లాలో చూపే సంపుటం అది. డచెస్‌కు ఇది అక్కర్లేదు, ఆమెకు అన్నీ తెలుసు. డచెస్ ఎలా బతుకుతుందో తెలుసుకోవాలనుకునేవారికి కావాలి. ఎబేర్ తన సరుకును సరిగ్గా అంచనా వేశాడు.

మరి ఇవి ఇంత ఏర్పాటు ప్రకారం తయారైతే, బట్టల గురించీ పళ్లేల గురించీ వీటిని నమ్మిన చరిత్రకారులంతా మోసపోయారా? లేదు. అబద్ధం చెప్పడానికి కారణం ఉన్నచోటే బొమ్మ అబద్ధమాడుతుంది. ఎవరు హాజరయ్యారు, ఎంత క్రమంగా ఉన్నారు, గది ఎంత పెద్దది అన్న విషయాల్లో దాన్ని అనుమానించాలి. వియన్నాలో 1760లో జరిగిన రాజవివాహం మీద మైటెన్స్ చిత్రశాల వేసిన సంగీతసభ తైలచిత్రంలో ఒక పిల్లవాణ్ణి మోజార్ట్‌గా గుర్తిస్తారు. అతను మొదటిసారి వియన్నాకు వచ్చింది 1762లో. రావాల్సినవాడు అనిపిస్తే రానివాణ్ణీ కూర్చోబెట్టగలదు బొమ్మ. కాని చిన్న చిన్న వస్తువుల విషయంలో దానికి అలాంటి అవసరం లేదు. ఆ కాలపు విందు బల్లల మీద తాగే గ్లాసులు ఉండకపోవడం చూసి నేటివారు ఆశ్చర్యపోతారు. గ్లాసులు పక్కబల్ల మీద ఉండేవి. అడిగితే నౌకరు తెచ్చేవాడు, తాగగానే తీసుకెళ్లేవాడు. చిత్రకారుడు మరిచిపోయాడనుకుంటే తప్పు, అది ఆనాటి వడ్డన పద్ధతి. అలాగే పళ్లేలన్నీ ఒకేసారి, ఇటు ఉన్నది అటూ ఉండేలా బల్ల మీద పరచడం ఫ్రెంచి వడ్డన సూత్రం. మెనోఁ 1755లో నాలుగు సంపుటాలుగా తెచ్చిన ‘ఆస్థాన భోజనాలు’ లాంటి వంట పుస్తకాల్లోని పట్టికలతో ముద్రాచిత్రాలను పోల్చితే ఆ సమవిభజన రెంటిలోనూ కలుస్తుంది. వంటవాడూ చిత్రకారుడూ ఒకే గీటురాయి మీద పనిచేశారు. వేరే చోట బొమ్మ నిజంగానే మూగది. నలుపు తెలుపు గీతల్లో పట్టుకూ నూలుకూ తేడా తెలుసుకోవడం కష్టం. మన కోరమాండల్ తీరం నుంచి, మచిలీపట్నం లాంటి రేవుల నుంచి వెళ్లిన అద్దకపు నూలుబట్టలను ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా నిషేధించినా, స్త్రీలు వాటిని మానలేదు. ఒక బొమ్మలోని పూలగౌను లియోన్ పట్టో, మచిలీపట్నం నూలో రాగిరేకు చెప్పలేదు.

ఇంకో అభ్యంతరం కొనుగోలుదారుల సంఖ్య గురించి. పెద్ద సైజు ముద్రాచిత్రం కూలివాడు కొనగలిగింది కాదు. అలాంటప్పుడు చూపు వేల మందికి వడ్డించారనడం సబబేనా? కొన్నవారు తక్కువే. చూసినవారు తక్కువ కాదు. పారిస్‌లో సేన్-జాక్ వీధి పొడుగునా ముద్రాచిత్రాల దుకాణాలుండేవి. కొత్త బొమ్మలను కిటికీల్లో వేలాడదీసేవారు, ‘మెర్క్యూర్ ద ఫ్రాన్స్’ లాంటి పత్రికలు వాటి రాకను ప్రకటించేవి. పెద్ద రేకు చూసి చిన్న రేకులు చెక్కి చవగ్గా అమ్మేవారూ ఉండేవారు. నన్ను ఎక్కువగా ఇబ్బందిపెట్టేది ఇంకోటి. ఆ చూపులో లేనిదేమిటి? 1770 మేలో కాబోయే పదహారో లూయీ పెళ్లికి వెర్సాయ్ తోటల్లో చేసిన దీపాలంకరణను మొరో గీశాడు, ముచ్చటైన పని. అదే పెళ్లి సంబరాల ముగింపుగా మే 30 రాత్రి పారిస్‌లోని లూయీ 15 కూడలిలో బాణసంచా కాల్చారు. తిరిగి వెళ్లే జనం ర్వయాల్ వీధి దగ్గర ఒకరి మీద ఒకరు పడి నలిగిపోయారు. అధికారిక లెక్కకే 132 మంది చనిపోయారు. నిలబడి చూడడమే తమ వంతుగా వచ్చిన మనుషులు వాళ్లు. వేడుక బొమ్మల వరసలో వారికి చోటు లేదు. నిలబడ్డవారి వైపు నుంచి చదవాలని నేను పట్టుబట్టేది అందుకే. బొమ్మలో గుంపు ఎప్పుడూ చక్కగా, సంతోషంగా, రాజు కాంతిని అందుకుంటూ ఉంటుంది. తోపులాట జరగని గుంపు అది. అది చూసి ఆ కాలపు జనం రాజును ఎంత ప్రేమించారో అని మురిసిన గోంకూర్ తరం వారిది మంచి కన్ను, అయినా వారు మోసపోయారు.

విప్లవం జరిగిందని తెలుసు కాబట్టి వెనక్కి తిరిగి ఇవన్నీ చదువుతున్నామనీ, 1782లో ఆ బొమ్మ కొన్నవాడికి ఇందులో ఏ చీకటీ కనబడలేదనీ ఎవరైనా అనవచ్చు. కొంతవరకు ఒప్పుకుంటాను. మొరో బొమ్మలో రానున్నదాని నీడ వెతకడం తెలివితక్కువ. కాని చూపు ద్వారా అధికారం పంచే పద్ధతికి ఒక స్వభావం ఉంది. ఇచ్చిన చూపును వెనక్కి తీసుకోలేరు. రాజు ఎలా తింటాడో దశాబ్దాల పాటు జనానికి చూపించారు, జనం చూశారు. ఆ చూడడం ఎలా మారిందో 1789 అక్టోబరు 1 నాటి విందు చెబుతుంది. రాజ అంగరక్షకులు కొత్తగా వచ్చిన ఫ్లాండర్స్ దళం అధికారులకు వెర్సాయ్ ఒపెరా మందిరంలో విందు చేశారు. రాజు, రాణి, చిన్న యువరాజు అక్కడికి వచ్చి కనబడ్డారు, సైనికులు జేజేలు కొట్టారు. పదేళ్ల కిందటైతే ఇది మొరో గీయవలసిన దృశ్యమే. విప్లవ చిహ్నమైన మూడు రంగుల గుర్తును అక్కడ కాళ్లతో తొక్కారన్న వార్త పారిస్ చేరింది. రొట్టె దొరకని రోజులవి. 5న పారిస్ ఆడవాళ్లు వెర్సాయ్‌కు నడిచారు, 6న రాజకుటుంబాన్ని పారిస్‌కు తెచ్చారు. విప్లవ ఘట్టాలను వరసగా గీసిన ప్రియర్ ఆ విందును కూడా గీశాడు. అదే బల్ల, అవే దీపాలు, అదే నాట్యశాల, కాని శీర్షికలో దాన్ని తాగుబోతుల వీరంగంగా పేర్కొన్నారు. 1791 ప్రాంతంలో వచ్చిన ఒక ఎగతాళి చిత్రం గ్రాఁ కువేర్ పేరునే తీసుకుని, రాజును కుటుంబంతో సహా దేశాన్ని మింగే గర్గాంత్యువా రాక్షసుడిగా చూపింది. దాన్ని గీసినవాడు కొత్త భాషేమీ కనిపెట్టలేదు. పాత విందు చిత్రంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో నేర్చుకుని, ఆ అమరికలోనే తిండి పరిమాణం పెంచాడు. మొరో గోరంతగా గీసిన ఆహారం అక్కడ కొండంత అయింది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి విందు చిత్రంలో తిండి కనబడింది.

ఆ చిత్రకారులు ఈ మార్పులోంచే నడిచి వెళ్లారు. కొషాన్ 1790లో చనిపోయాడు. రెస్తిఫ్ ద లా బ్రెతోన్ రాసిన కథనాలు జతచేసి మొరో వేషాల సంపుటాన్ని 1789లో జర్మనీలోని నోయ్‌వీడ్‌లో మళ్లీ వేశారు. అది బయటికొచ్చిన ఏడాదే అందులోని లోకం కూలిపోవడం మొదలైంది. మొరో విప్లవాన్ని ఆహ్వానించాడు. 1789 మే 5న మతాచార్యులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభ వెర్సాయ్‌లో మొదలైనప్పుడు దాన్ని తనే గీసి, తనే చెక్కాడు. స్తంభాలున్న ఎత్తైన మండపం, దూరాన వేదిక మీద రాజు, ఇరువైపులా వరసలు. ఓతెల్ ద వీల్ విందును అమర్చిన చెయ్యే దీన్నీ అమర్చింది. ఒక తేడా ఉంది. ఇక్కడ మూడో వర్గం వారు కూడా కూర్చున్నారు.

‘లె సుపే ఫాన్’ చెక్కిన ఎల్మాన్ ఇంకా ముందుకు వెళ్లాడు. షార్ల్ మొనే గీసిన బొమ్మల ఆధారంగా విప్లవపు ముఖ్య దినాలను వరసగా రాగిరేకుల మీద చెక్కాడు. వాటిలో ఒకటి 1793 జనవరి 21 నాటిది. ఓతెల్ ద వీల్‌లో రాజభోజనం జరిగి ఆ రోజుకు సరిగ్గా పదకొండేళ్లు. చోటు, 1770లో 132 మంది నలిగిపోయిన కూడలి. అప్పటికి దాని పేరు విప్లవ కూడలి. బొమ్మలో మధ్యన ఒక ఎత్తైన దిమ్మె ఉంది. దాని మీద నిలవవలసిన పదిహేనో లూయీ విగ్రహం లేదు, కూలదోసేశారు. ఆ పక్కన వేదిక, వేదిక మీద యంత్రం. తలారి పదహారో లూయీ తలను పైకెత్తి చూపుతున్నాడు. వేదిక చుట్టూ సైనికులు బారులు తీరి ఉన్నారు, వారి వెనక జనం. ప్రతి తలా ఒకే దిక్కుకు తిరిగి ఉంది.